ఆదివారం క్లాసులతో ఆర్నెల్లలో సినిమా స్క్రిప్టు: లెక్క ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు

ఉద్యోగం మానక్కర్లేదు, ఆదివారాలు వస్తే చాలు, ఆరు నెలల్లో స్క్రిప్టు చేతిలో ఉంటుంది. పార్ట్‌టైమ్ స్క్రిప్ట్ డెవలప్‌మెంట్ కోర్సుల ప్రకటనలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. విజయవాడ గవర్నరుపేటలో మందుల ఏజెన్సీలో పనిచేస్తూనో, గుంటూరులో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూనో రాత్రిళ్లు కథలు రాసుకునేవాళ్లకు ఆశపుట్టే మాటే. అందులో అబద్ధం లేదు. కాకపోతే చేతికొచ్చే స్క్రిప్టు ఏ దశలోదో ఆ ప్రకటనలో ఉండదు. చిక్కంతా అక్కడే.

లైన్ నుంచి బౌండ్ దాకా ఎన్ని మెట్లు

మన పరిశ్రమలో కథ మొదట ‘లైన్’గా పుడుతుంది. రెండు మూడు వాక్యాల్లో ఎవరు, ఏం కావాలి, ఏది అడ్డం అన్నది చెప్పేస్తే అది లైన్. తర్వాత ఒకటి రెండు పేజీల కథాసారం. ఆ తర్వాత పది నుంచి ఇరవై పేజీల ట్రీట్‌మెంట్: డైలాగులు లేకుండా, సినిమా తెర మీద జరిగే వరసలోనే కథంతా. దాన్ని విడగొడితే సీన్ ఆర్డర్. రెండున్నర గంటల తెలుగు సినిమాకి సుమారుగా 60 నుంచి 80 సీన్లు, ఒక్కో సీనుకు రెండు నుంచి నాలుగు లైన్లు. దానిమీద డైలాగ్ వెర్షన్ రాస్తారు. అన్నీ కుదిరి, ఇక షూటింగుకు వెళ్లొచ్చు అనుకున్నప్పుడు బైండింగ్ చేసిందే బౌండ్ స్క్రిప్ట్.

ఈ మెట్లు ఎక్కడాన్ని రాయడం అంటాం. ప్రతి మెట్టు దగ్గరా ఇంకొకరు చదివి, ఇక్కడ ఆగింది, ఇక్కడ నమ్మబుద్ధి కాలేదు అని రాసిస్తే, రచయిత వెనక్కెళ్లి తిరగరాయడాన్ని డెవలప్‌మెంట్ అంటారు. మనవాళ్లు తరతరాలుగా కథాచర్చలు, సిట్టింగులు అన్నది దాదాపు ఇదే. తేడా ఒక్కటి. సిట్టింగులో మాటలు గాల్లో కలిసిపోతాయి; పద్ధతి ప్రకారం చేసే డెవలప్‌మెంటులో నోట్సు కాగితం మీద ఉంటుంది, ఏ డ్రాఫ్టులో ఏం మారిందో తర్వాత చూసుకోవచ్చు.

కొన్ని కోర్సులు రెండో రకం పని కూడా నేర్పుతాయి. సొంత కథ కాకుండా ఇతరుల స్క్రిప్టులు చదివి నివేదిక రాయడం, వెబ్ సిరీస్‌కి ఎపిసోడ్ల వారీగా కథ పంచడం లాంటివి. నిర్మాణ సంస్థల కథావిభాగాల్లో ఉద్యోగం చేసేవాళ్లకు కావాల్సింది ఇది. సొంత సినిమా రాసుకుందామని వచ్చినవాళ్లు ఇందులో చేరి, మూడో వారానికల్లా నా కథ ఎప్పుడు వింటారు అని అడుగుతుంటారు.

మిర్చి యార్డు గుమస్తా: ఒక లైన్ ఎలా ముదురుతుంది

ఉదాహరణకు ఒక విద్యార్థి ఈ లైన్‌తో వచ్చాడనుకుందాం: ‘గుంటూరు మిర్చి యార్డులో నిజాయితీగా పనిచేసే గుమస్తా, రైతుల్ని మోసం చేస్తున్న వ్యవస్థ మీద తిరగబడతాడు.’

మంచి ఉద్దేశమే, కానీ సీన్లు పుట్టవు. వ్యవస్థను కెమెరా ముందు నిలబెట్టలేం. తిరగబడటం అంటే సోమవారం పొద్దున ఏం చేస్తాడో తెలీదు. పైగా గుమస్తాకు పోయేదేమీ లేదు. మంచివాడు మంచిపని చేస్తానంటే ప్రేక్షకుడికి భయం వేయదు. ఈ మూడూ నోట్సుగా వెళ్తాయి.

రెండో డ్రాఫ్టు: ‘కోల్డ్ స్టోరేజీ తగలబడింది. అందులో అసలు లేనే లేని 200 టిక్కీల (బస్తాల) మిర్చికి, సరుకు నిల్వ ఉందంటూ గుమస్తా సత్యం దొంగ బాండు రాసిచ్చాడు. ఆ బాండు తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకున్నది అతని అక్క మొగుడు. సంగతి బయటపడకుండా చూసుకోవాలి.’ ఇప్పుడు మనిషి దొరికాడు, తప్పు దొరికింది, చుట్టరికం దొరికింది. కానీ ఇంకో నోటు పడుతుంది: సరుకు కాలిపోయిందంటే మోసం దానంతటదే కప్పబడిపోయినట్టేగా, ఇక సెకండాఫ్‌లో ఏం చేస్తాడు?

ఈ ప్రశ్నకు వెతికిన జవాబే మూడో డ్రాఫ్టు. సత్యం ఊపిరి పీల్చుకున్న సమయానికి బావ ఆ లేని 200 టిక్కీలకు బీమా సొమ్ము అడుగుతాడు. ఇంటర్వెల్. ఇప్పటిదాకా దాచితే చాలనుకున్నవాడు ఇక సంతకం పెట్టాలి, సర్వేయరు ముందు నిలబడాలి. నిజంగా సరుకు పోగొట్టుకున్న రైతులకొచ్చే పరిహారం కూడా ఈ ఒక్క అనుమానంతో ఆగిపోతుంది. మొదటి లైన్‌లోని రైతుల బాధ ఉపన్యాసం లేకుండా కథలోకి వచ్చి కూర్చుంది.

సీను స్థాయిలోనూ ఇంతే. మొదట రాసినప్పుడు బావతో సత్యం ఇలా అంటాడు: ‘బావా, ఆ రోజు నీ కోసం లేని సరుక్కి బాండు రాసిచ్చాను. అది బయటపడితే నా ఉద్యోగం పోతుంది, జైలుకి పోతాను.’ ఇద్దరికీ తెలిసిన సంగతే. ప్రేక్షకుడికి చెప్పడం కోసం ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. కొత్తవాళ్ల స్క్రిప్టుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడే జబ్బు ఇదే. తిరగరాశాక:

కోల్డ్ స్టోరేజీ బయట, తెల్లవారుజాము. మిర్చి కాలిన ఘాటుకి అందరూ మూతికి తువ్వాళ్లు కట్టుకుని దగ్గుతున్నారు. బావ ఒక్కడే తువ్వాలు దించి నిలబడ్డాడు.

బావ: ‘ఏరా, రెండొందలేనా రాసింది?’
సత్యం: ‘రెండొందలు ఎక్కడున్నాయి బావా?’
బావ: ‘కాలిపోయాయిగా.’

వివరం ఒక్కటీ చెప్పలేదు, అయినా ఎవరు ఎటు జారుతున్నారో తెలిసిపోతుంది. ఈ మూడు లైన్లు క్లాసులో పాఠం వింటే రావు. ముందు డ్రాఫ్టు ఎవరో చదివి, ఈ మాట ఇతనికి ముందే తెలుసుగా అని పక్కన గీత పెడితే వస్తాయి.

72 గంటలు, 12 మంది, ఒక్క మాస్టారు

ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా, 24 ఆదివారాలు అనుకుందాం. మొత్తం 72 గంటలు. సగం పాఠాలకు పోతే మిగిలేది 36 గంటలు, అంటే 2,160 నిమిషాలు. బ్యాచ్‌లో 12 మంది ఉంటే తలా 180 నిమిషాలు. 30 మంది ఉంటే తలా 72 నిమిషాలు. ఆరు నెలల మొత్తానికి.

పూర్తి స్క్రిప్టు మీద అర్థవంతంగా మాట్లాడాలంటే గంట కావాలి. సీన్ ఆర్డర్ మీద అరగంట, లైన్ మీద పావుగంట. 180 నిమిషాల్లో లైన్ రెండుసార్లు, సీన్ ఆర్డర్ రెండుసార్లు, పూర్తి డ్రాఫ్టు ఒకసారి పట్టి కాస్త మిగులుతుంది. 72 నిమిషాల్లో లైన్, సీన్ ఆర్డర్ ఒక్కోసారి అయ్యేసరికి అరగంట కూడా మిగలదు. తిరగరాసింది మళ్లీ చూపిద్దామంటే వరస రాదు.

ఇది క్లాసు టైము మాత్రమే. మాస్టారు ఇంటి దగ్గర చదవాలి కదా. 120 పేజీల స్క్రిప్టు చదివి నోట్సు రాయడానికి రెండున్నర గంటలకు తక్కువ పట్టదు. 12 మందివి ఒక్క డ్రాఫ్టు చదివితే 30 గంటలు. కోర్సులో అసలు ఖర్చు ఇదే, ప్రకటనలో కనపడనిదీ ఇదే. రెండు కోర్సుల ఫీజులో తేడా ఏసీ హాలు వల్ల కావచ్చు, ఈ చదివే గంటల వల్ల కావచ్చు. 40,000 ఫీజు (18 శాతం జీఎస్టీ కలిపితే 47,200) తీసుకుని రెండు డ్రాఫ్టులు చదివి రాతపూర్వకంగా నోట్సిచ్చే కోర్సు, 15,000 తీసుకుని ఒక్కటీ చదవని కోర్సు కంటే చవక అనడం మొండివాదమేం కాదు.

ఇప్పుడు విద్యార్థి వైపు లెక్క. ఉద్యోగస్తుడికి రోజుకో ముప్పావుగంట చొప్పున వారానికి ఐదు గంటలు దొరికితే గొప్పే. అలవాటైన చేతికి సీనుకు గంటన్నర పడుతుంది. 70 సీన్లకు 105 గంటలు, అంటే 21 వారాలు. ఆరు నెలలంటే 26 వారాలు. మిగిలిన ఐదు వారాల్లో లైన్, కథాసారం, ట్రీట్‌మెంట్, సీన్ ఆర్డర్ అన్నీ తేలాలి. పరీక్షల డ్యూటీ పడకూడదు, ఇంట్లో పెళ్లి ఉండకూడదు. చాలామందికి పదహారో వారం దగ్గర ఆగిపోయేది ప్రతిభ లేక కాదు, ఈ కూడికల వల్లే.

కాబట్టి కథ లేకుండా చేరినవాళ్లకు ఆర్నెల్ల పార్ట్‌టైమ్‌లో నిజాయితీగా దక్కేది రెండుసార్లు తిరగరాసిన సీన్ ఆర్డర్, దానిమీద ఓ 20, 25 పూర్తి సీన్లు. లేదా 15 నిమిషాల షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు మూడు నాలుగు డ్రాఫ్టుల దాకా. సీన్ ఆర్డర్ చేతిలో పెట్టుకుని చేరితే మాత్రం మొదటి పూర్తి డ్రాఫ్టుతో బయటపడొచ్చు. మొదటి డ్రాఫ్టు ఎవరిదైనా మొదటి డ్రాఫ్టే, దాన్ని పట్టుకుని నిర్మాత దగ్గరికి పరిగెత్తడం తొందరపాటు.

సర్టిఫికెట్, వర్క్‌షాప్, ల్యాబ్

డిగ్రీ ఇచ్చే అధికారం చట్టప్రకారం విశ్వవిద్యాలయాలకు, వాటితో సమానంగా గుర్తింపు పొందిన సంస్థలకు, పార్లమెంటు చట్టం ద్వారా ఆ అధికారం పొందిన సంస్థలకే ఉంది. ప్రైవేటు సంస్థ ఆదివారం కోర్సుకు ఇచ్చేది పూర్తి చేసినట్టు ఒక కాగితం. కథ వినే నిర్మాత దాన్ని అడగడు. కాలేజీలో మీడియా పాఠాలు చెప్పే ఉద్యోగానికి కాగితం కావాలనుకునేవాళ్లకు మాత్రం ఆ తేడా పెద్దది.

వర్క్‌షాప్ అంటే రెండు నుంచి పది రోజులు. పద్ధతి పరిచయమవుతుంది, స్క్రిప్టు తయారవదు. పుణెలో 1960లో మొదలైన ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐ 2017 నుంచి వేర్వేరు ఊళ్లలో, తర్వాత ఆన్‌లైన్‌లోనూ నడుపుతున్న షార్ట్ కోర్సుల్లో స్క్రీన్‌ప్లే ఒక అంశం. పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి. ల్యాబ్ వేరే. అక్కడ చేరడం కాదు, ఎంపిక కావాలి. జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ 2007 నుంచి నడుపుతున్న స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ ఈ రకం: కథ పంపాలి, కొద్దిమందిని తీసుకుంటారు, అనుభవజ్ఞుడైన రచయిత ఒక్కొక్కరి స్క్రిప్టు మీద కూర్చుంటాడు. అంటే ఆదివారం కోర్సులో తయారైన ట్రీట్‌మెంటుతో ల్యాబ్‌కి దరఖాస్తు చేయడం ఒక సహజమైన వరస. హైదరాబాద్‌లో 2011లో మొదలైన అన్నపూర్ణ ఫిల్మ్ అండ్ మీడియా కాలేజీ లాంటివి ప్రధానంగా రోజూ హాజరు కావాల్సిన చదువులు.

హైదరాబాద్ వెళ్లి ఆదివారం క్లాసు వినడం గురించి కూడా అడుగుతుంటారు. విజయవాడ నుంచి సుమారు 275 కిలోమీటర్లు, పోను ఐదారు గంటలు, రాను ఐదారు గంటలు. మూడు గంటల క్లాసుకు పదకొండు గంటల ప్రయాణం. ఆ పదకొండు గంటల్లో ఏడు సీన్లు రాసుకోవచ్చు. రైల్లో రాసుకుంటాననేవాళ్లు శాతవాహనలో కిటికీ పక్క సీటు దొరికిన రోజు చూద్దాం. నెలకోసారి ముఖాముఖి, మిగతా వారాలు ఆన్‌లైన్ అనే ఏర్పాటు ఈ లెక్కకు ఎక్కువ సరిపోతుంది. నోట్సు కాగితం మీద వస్తున్నంత కాలం మాస్టారు ఏ ఊళ్లో ఉన్నా పెద్ద తేడా పడదు. తోటివాళ్లతో సీను చదివించి వినడానికి మాత్రం గదిలో మనుషులు కావాలి.

కోర్సా, అసిస్టెంటుగా చేరడమా

పరిశ్రమలో చాలామంది పెద్దవాళ్ల మాట ఇది: రచన నేర్పితే వచ్చేది కాదు, దర్శకత్వ శాఖలో చేరి నాలుగు సినిమాల సిట్టింగుల్లో కూర్చుంటే వస్తుంది. ఈ మాటలో బలం ఉంది. సీను సెట్టులో ఎందుకు కుదరలేదో, నటుడు డైలాగుని ఎందుకు మింగేశాడో, ఎడిటింగులో ఏ సీను లేచిపోయిందో కళ్లారా చూసినవాడికి ఏ క్లాసూ సాటిరాదు. కథ వినేవాళ్ల పరిచయాలు కూడా అక్కడే దొరుకుతాయి.

అవతలి వాదనా తేలికది కాదు. సిట్టింగులో జూనియరు నోరు విప్పే సందర్భం తక్కువ. అతను రాసిన సీను వెళ్తుంది, పేరు వెళ్లదు. ఘోస్ట్ రైటరు అనే మాట మన దగ్గర ఉత్తినే పుట్టలేదు. పైగా హైదరాబాద్‌లో ఏళ్లకేళ్లు ఉండగలగాలి. ముప్పై ఐదేళ్ల వయసులో, పిల్లల స్కూలు ఫీజులు కడుతున్న మనిషికి ఆ దారి మూసినట్టే. పార్ట్‌టైమ్ శిక్షణ నిజంగా పనికొచ్చేది అలాంటివాళ్లకే.

శిక్షణలో ఏం నేర్పాలన్నదాని మీదా రెండు పక్షాలున్నాయి. కథను మూడు అంకాలుగానో ఎనిమిది సీక్వెన్సులుగానో విడగొట్టే ఇంగ్లీషు పద్ధతులు చెప్పేవాళ్లు ఒకవైపు. ఇంటర్వెల్ ఉన్న సినిమాకి ఆ కొలతలు అతకవు అనేవాళ్లు ఇంకోవైపు. చూడబోతే తగవు కనిపించినంత పెద్దది కాదు. మూడంకాల లెక్కలో రెండో అంకం మధ్యలో వచ్చే పెద్ద మలుపు దాదాపు మన ఇంటర్వెల్ దగ్గరే పడుతుంది. అసలు తేడా ఆ తర్వాత: మనకు పది పదిహేను నిమిషాల విరామం ఉంది, ప్రేక్షకుడు పునుగులు తిని వచ్చి కూర్చుంటాడు, సెకండాఫ్ మొదటి పది నిమిషాలు కథను మళ్లీ రాజేయాలి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ పది నిమిషాలకు పాఠం ఉండదు. దీనికి సమాధానం లేని కోర్సు తెలుగు సినిమా రాయడం సగమే నేర్పినట్టు.

విజయవాడ, గుంటూరుల్లో చేరేవాళ్లలో నాటక పరిషత్తుల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం నాటకాలు వింటూ పెరిగిన ఇళ్లవాళ్లూ ఉంటారు. వీళ్లకు డైలాగు చేతిలో పని. అదే ఇబ్బంది కూడా. నాటికలో పాత్ర వచ్చి జరిగింది చెబుతుంది. సినిమాలో జరిగింది చూపించాలి. వీళ్లకు మంచి మాస్టారు మొదటి నెలంతా డైలాగే లేని సీన్లు రాయిస్తాడు.

ఇక మార్కెట్ సంగతి. విజయవాడ గాంధీనగర్ దశాబ్దాలుగా డిస్ట్రిబ్యూటర్ల అడ్డా. కృష్ణా ఏరియా, గుంటూరు ఏరియా అని ట్రేడ్‌లో విడివిడిగా లెక్క కడతారు. అంటే ఇక్కడ సినిమా కొనేవాళ్లున్నారు, కథ కొనేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. ఇక్కడి కోర్సు ‘ప్లేస్‌మెంట్’ అంటే, ఎవరి ముందు, ఎన్ని నిమిషాల నెరేషన్ (కథ వినిపించడం) అన్న వివరం లేనంతవరకు అది ప్రచారం కింద లెక్క.

ఫాంటు, పేజీ, నిమిషం

స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెర మీద ఒక నిమిషం అనే సూత్రం ఇంగ్లీషు ఫార్మాట్ కోసం పుట్టింది. ఎడమవైపు దృశ్యం, కుడివైపు మాటలు అని రెండు వరసల్లో రాసే మన పద్ధతికి అది నప్పదు. గడియారం పెట్టుకుని సీను పైకి చదివి, మాటలు లేని చోట జరిగే పనిని ఊహించుకుంటూ టైము కట్టడమే నమ్మదగ్గది. ఇంకో చిన్న పీడ: డీటీపీ సెంటర్లో ‘అను’ అనే పాత రకం తెలుగు ఫాంట్లలో కొట్టించిన ఫైలు ఇంకొకరి కంప్యూటర్లోనో ఫోన్లోనో తెరిస్తే అక్షరాలు గజిబిజి అవుతాయి. నాలుగో డ్రాఫ్టు దిద్దడానికి మళ్లీ మొదటినుంచి కొట్టించినవాళ్లున్నారు. ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో రాసుకుంటే ఆ బాధ లేదు.

క్లాసులో చెప్పిన కథ ఎవరిది

భయం సహజం. 12 మంది ముందు లైన్ చెబుతాం, అందులో ఒకరు ఎత్తేస్తే? చట్టం ఇక్కడ చాలామంది అనుకున్నట్టు ఉండదు. ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని రాసిన తీరుకే ఉంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. కోల్డ్ స్టోరేజీ మంటలు, దొంగ బాండు అనే లైన్‌ను ఇంకొకరు తీసుకుని పూర్తిగా వేరే పాత్రలతో, వేరే సీన్లతో రాస్తే అడ్డుకోవడం కష్టం. సత్యం, అతని బావ, బీమా మలుపు, సీన్ల వరస, మాటలు ఎత్తేస్తే కేసు నిలుస్తుంది. అందువల్ల లైన్ కంటే ట్రీట్‌మెంట్, దానికంటే స్క్రిప్టు ఎక్కువ రక్షణ. రాసింది ఎంత వివరంగా ఉంటే అంత.

రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయితే రిజిస్టరులో ఎక్కితే కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనిచేస్తుంది. సాహిత్య రచనకు కాపీరైట్ కార్యాలయం ఫీజు 500 రూపాయలు. దరఖాస్తు చేశాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. రచయితల సంఘాల్లో నమోదు చేయించడం తేదీకి రుజువు. పోస్టులో తనకు తానే పంపుకుని కవరు విప్పకుండా దాచుకోవడం కూడా తేదీకి రుజువు దాకానే, అంతకు మించి చట్టంలో దానికి ప్రత్యేక స్థానం లేదు.

మాస్టారు ఇచ్చిన సలహాతో కథ మారితే ఆయన సహరచయిత అవుతారా? సెకండాఫ్ వీక్‌గా ఉంది, బావని వాడుకో అనడం సలహా. ఆయనే కూర్చుని పది సీన్లు రాసిస్తే అది వేరే సంగతి, ముందే మాట్లాడుకోవాల్సింది. విద్యార్థి ఫీజు కట్టినవాడే తప్ప ఉద్యోగి కాడు కాబట్టి, రాసిన దానిమీద సంస్థకు దానంతటదే హక్కు రాదు. రావాలంటే సంతకం ఉండాలి. అడ్మిషన్ ఫారం వెనకవైపు చిన్నక్షరాల్లో ‘కోర్సులో తయారైన రచనలు సంస్థకు చెందుతాయి’ అని ఉందంటే ఆ సంతకం ఫీజు కట్టిన రోజే పడిపోయినట్టు.

తర్వాత ఎవరైనా కథ కొన్నా ఇదే చట్టం. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లు, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. 2012 సవరణ తర్వాత, సినిమా హాల్లో ప్రదర్శన కాకుండా ఇతర రూపాల్లో వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో వాటాను రచయిత వదులుకుంటున్నట్టు రాయించుకున్నా చెల్లదు. కొన్నవాళ్లు ఏడాదిలోపు ఆ హక్కుల్ని వాడకపోతే బదిలీ రద్దయినట్టే, ఒప్పందంలో వేరేలా రాసి ఉంటే తప్ప. దాదాపు ప్రతి ఒప్పందంలోనూ వేరేలా రాసే ఉంటుంది. పదివేలు టోకెన్ అడ్వాన్సు తీసుకుని ‘శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా’ అన్న లైన్ కింద సంతకం చేసిన కథ పదేళ్లు బీరువాలో ఉన్నా వెనక్కి తెచ్చుకోవడం కష్టం.